గోడ వెనక మొరం

నాంపల్లి స్టేషన్ 1907లో కట్టారు. మరుసటి ఏడాది సెప్టెంబరు 28న మూసీ పొంగి అఫ్జల్‌గంజ్‌ను ముంచేసింది. ఆ వరదల పని మీదే 1909లో ఇంజనీరు విశ్వేశ్వరయ్యగారు వచ్చారు. తర్వాత ఎగువన చెరువులు, నది ఒడ్డున రాతి గట్టుగోడలు లేచాయి. ఆ రోజుల్లో ఎత్తుగా పోసిన మట్టి నిలవాలంటే సాధారణంగా దారులు రెండే: బరువైన రాతిగోడ కట్టడం, లేదా కట్టను రెండువైపులా వాలుగా వదిలేయడం.

నాంపల్లివాణ్ని, వాలు సంగతి తలచుకుంటే నాకు నవ్వొస్తుంది. 7 మీటర్ల కట్టకు ఒకటికి రెండు వాలు ఇస్తే ఒక్కో పక్క 14 మీటర్లు పోతుంది. ఆబిడ్స్‌లో అంత జాగా అంటే దుకాణాల వరుసకు వరుస లేపేయాలి!

అందుకే ఫ్లైఓవర్ల కాలానికి రీఇన్‌ఫోర్స్‌డ్ ఎర్త్ గోడ మన ఊళ్లకూ వచ్చింది. ఫ్రెంచి ఇంజనీరు ఆన్రీ విదాల్ 1963లో దానికి పేటెంటు తీసుకున్నాడు. పొరకో పట్టీ పరిచి మట్టి పోసి దిమ్మిస చేస్తారు. పట్టీకీ మట్టికీ మధ్య ఒరిపిడే గోడను నిలబెడుతుంది. మొదట ఇనుప పట్టీలు, ఇప్పుడు ఎక్కువగా పాలిమర్ జియోగ్రిడ్లు. మట్టిగోడలో వరిగడ్డి తొక్కించిన మన పెద్దలకు ఇదేం వింత కాదు.

నా ఉద్యోగమంతా మెటీరియల్స్ ల్యాబులోనే గడిచింది. నింపే మట్టిలో 75 మైక్రాన్ల జల్లెడ దాటేది 15 శాతం లోపుండాలి, ప్లాస్టిసిటీ ఇండెక్స్ 6 దాటకూడదు. రేగడి ఆ దరిదాపులకు రాదు. మరి మొరం? మన గ్రానైటు శిథిలమై మొరం అయ్యేటప్పుడు క్వార్ట్జ్ గరుకుగా మిగులుతుంది, ఫెల్‌స్పార్ బంకమట్టి అవుతుంది. అందుకే ఒకే గుంటలో పైపొర ఒకలా, అడుగు మరోలా వస్తుంది.

"ఎర్రగ మంచిగుంది గద సార్, ఇంకేం టెస్టు?" అనేవాడు లారీ డ్రైవరు.

"రంగు జూసి ఏం జేస్తం భయ్యా, జల్లెడ పట్టాలె" అనేవాణ్ని.

కాంట్రాక్టర్లకు నామీద ప్రేమేమీ ఉండేది కాదు.

మొరం దొరకనిచోట బూడిదా వాడారు. ఢిల్లీ ఓఖ్లా ఫ్లైఓవరు అప్రోచ్‌లో 1996లోనే థర్మల్ ప్లాంటు బూడిద, జియోగ్రిడ్లు కలిపి కట్టారు.

ఇంతకీ జల్లెడ ఎందుకంటే, సన్నమట్టి నీళ్లు పట్టి ఉంచుతుంది. ఒరిపిడి తగ్గుతుంది, నీటి ఒత్తిడి గోడ ముఖంగా నిలిపిన పలకలను బయటికి తోస్తుంది. అందుకే పలకల వెనక 600 మిల్లీమీటర్ల కంకర పొర, సందుల మీద జియోటెక్స్‌టైల్ గుడ్డ వేస్తారు. పలకకు 1.5 మీటర్లలోపు పెద్ద రోలరు రానివ్వరు. అక్కడ చిన్న ప్లేట్ కాంపాక్టరుతో ఓపిగ్గా కొట్టాలి. రాత్రి షిఫ్టులో తొందర చూపించేది సరిగ్గా ఆ చోటే.

వానాకాలంలో ఏ ర్యాంపు కిందనైనా పలకల సందుల్లోంచి ఎర్రనీళ్లు కారితే నేను ముందు గోడను చూడను. పైకెక్కి, రోడ్డు మీది వాననీళ్ల గొట్టం ఎక్కడ పగిలిందో వెతుకుతాను.