దొంగ స్టాంపు – ద్వీపాంతర శిక్ష

మా తాతగారు రబ్బరు తోటలో పనిచేసిన కాలంనాటి రసీదు ఒకటి మా ఇంట్లో భద్రంగా ఉన్నది. అడుగున చిన్న రెవిన్యూ స్టాంపు, దానిమీద ఆయన వేలిముద్ర. చిన్నతనంలో నేను ఆ స్టాంపును ఒలిచి దాచుకోబోతే నాయనమ్మ చెయ్యి పట్టుకొని ఆపింది. “బిళ్ళ పోతే మాట పోతుందిరా” అన్నది. ఆ మాటకు అర్థం చట్టం చదివిన తరువాతగాని నాకు తెలియలేదు.

భారత శిక్షాస్మృతి 1860లో తయారై 1862 జనవరి 1న అమలులోకి వచ్చింది. ప్రభుత్వ ఆదాయపు స్టాంపును దొంగగా తయారుచేయడం అందులో 255వ సెక్షను. శిక్ష యావజ్జీవ ద్వీపాంతరవాసం, లేదా 10 సంవత్సరాల వరకు జైలు, జరిమానా కూడ. తెలిసి అమ్మినవారికి 7 సంవత్సరాల వరకు జైలు. వాడిన స్టాంపును మోసంతో మళ్ళీ వాడితే 2, వాడిన గుర్తును చెరిపితే 3 సంవత్సరాల వరకు.

ఇంత చిన్న కాగితానికి అంత పెద్ద శిక్ష ఎందుకు? ఖజానాకు నష్టమన్నది ఒక కారణం. మరొకటి ఉన్నది. 1899 నాటి భారత స్టాంపు చట్టం ప్రకారం సరియైన స్టాంపు లేని పత్రాన్ని న్యాయస్థానం సాధారణంగా సాక్ష్యంగా స్వీకరించదు. ఇక్కడి చట్టమూ అదే బాటలో నడిచింది. కనుక దొంగ స్టాంపు వల్ల ప్రభుత్వంతోపాటు, వేలిముద్ర వేసి నమ్మిన మనిషి కూడ మోసపోతాడు.

ఈ నేరం పాతకాలంతో పోలేదు. 2001లో పట్టుబడిన అబ్దుల్ కరీం తెల్గీ దొంగ స్టాంపు పత్రాలను బ్యాంకులకు, బీమా సంస్థలకు సైతం అమ్మించాడు. 2007లో న్యాయస్థానం అతనికి జైలుశిక్షతో పాటు 202 కోట్ల రూపాయల జరిమానా విధించింది.

ద్వీపాంతరం అన్న మాట మనకు కొత్త కాదు. 1825లో సింగపూరుకు తెచ్చిన మొదటి భారత ఖైదీలు మద్రాసు రాజధానివారు. మన పెద్దలు ఖైదీలుగా కాక కూలీలుగా సముద్రం దాటినారు. చట్టమూ దాటింది. 1872లో స్ట్రెయిట్స్ సెటిల్‌మెంట్స్‌లో అమలైన శిక్షాస్మృతికి మూలం ఆ భారత స్మృతే.

భారతదేశంలో ద్వీపాంతరవాసం 1955 సవరణతో యావజ్జీవ కారాగారంగా మారింది. 2024 జూలై 1 నుండి పాత స్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చి, ఈ నేరం 178వ సెక్షనులో చేరింది. మలేసియా, సింగపూరులలో మాత్రం నేటికీ అది 255వ సెక్షనే. ఊరిలో మారిపోయిన మాటలు కొన్ని మన ఇళ్ళలో మిగిలినట్లే ఇదీ.

మీ ఇంటి పాత పెట్టెలోనూ ఇటువంటి రసీదు ఉండవచ్చును. స్టాంపును ఒలవకండి. పిల్లలకు చూపించి, ఆ వేలిముద్ర ఎవరిదో చెప్పండి.