లెక్కల పంతులు: శిక్షణా, పెత్తనమా?

మన రచయితల్లో బడిపంతుళ్ళు తక్కువేమీ కాదు. మన పాఠకుల్లో ఇంకా ఎక్కువ. అయినా పంతులి గురించి తెలుగు కథలో వచ్చినదాన్ని పోగుచేసి చూస్తే చాలామటుకు అది చాలని జీతం గురించి, బదిలీల గురించి, ఇన్‌స్పెక్టరు దొరతనం గురించి. ఆయన రోజంతా చేసే పని గురించి మనం రాసింది చాలా తక్కువ. నేతగాడి మగ్గాన్నీ, రైతు నాగలినీ పరిశీలించినంత శ్రద్ధగా, పంతులు ఒక పిల్లకు భిన్నాల భాగహారం ఎలా బోధపరుస్తాడో పరిశీలించిన కథకుడు అరుదు. అదంతా ట్రెయినింగు కాలేజీల వ్యవహారమనీ, సాహిత్యానికీ సమాజ విమర్శకీ దానితో పనిలేదనీ మనం అనుకున్నట్టుంది. అది పొరపాటు. పంతులికి పని నేర్పుతామనేవాళ్ళు వచ్చిన ప్రతిసారీ, ఆ పని మీద అధికారం ఎవరిది అనే ప్రశ్న వాళ్ళ వెనకే వచ్చింది. ఆ చరిత్ర రెండువందల ఏళ్ళకు పైబడినది. దాన్ని మద్రాసు నుంచి మొదలుపెట్టాలి.

1789లో మద్రాసు ఎగ్మూరులో, యూరోపియన్ సైనికుల కొడుకుల కోసం పెట్టిన అనాథ శరణాలయానికి ఆండ్రూ బెల్ అనే మతాధికారి పర్యవేక్షకుడయ్యాడు. ఒకనాడు ఆయన ఒక దేశీయ బడి పక్కగా పోతూ, పిల్లలు ఇసకలో వేలితో అక్షరాలు దిద్దుకోవడం చూశాడు. ఆ పద్ధతి తన బడిలో పెట్టమని ఉపాధ్యాయులకు చెప్పాడు. వాళ్ళు ఉత్సాహం చూపలేదు. బెల్ వాళ్ళను పక్కన పెట్టి, ఎనిమిదేళ్ళ కుర్రవాడొకణ్ణి చిన్నపిల్లలకు నేర్పడానికి నియమించాడు. పని జరిగింది. 1797లో లండన్‌లో ఈ ప్రయోగం గురించి పుస్తకం అచ్చువేశాడు. అదే ‘మద్రాసు పద్ధతి’గా పేరుకెక్కింది. ఆ మరుసటి ఏడాది లండన్‌లోనే బడి పెట్టిన జోసెఫ్ లాంకాస్టర్, ఒక్క పంతులితో వెయ్యిమంది పిల్లలకు చదువు చెప్పించవచ్చు అనేదాకా వెళ్ళాడు. మిల్లులు లేస్తున్న ఇంగ్లండుకు కావలసింది సరిగ్గా అదే. కార్మికుల పిల్లలకు చవకగా అక్షరాలూ అంకెలూ వస్తాయి. పంతులు ఆలోచించనక్కరలేదు, పై నుంచి చూసుకుంటే చాలు.

మన వీధిబడిలో పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పడం పంతులికి సాయం. బెల్ చేతిలో అదే పంతులికి బదులు అయింది. ఒకే పని రెండు వ్యవస్థల్లో రెండు అర్థాలు ఎలా పొందుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

అయితే వీధిబడి స్వర్గమేమీ కాదు. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో రాజధానిలోని బడుల లెక్కలు తీయించాడు. ఆ నివేదికలను 1983లో ధరంపాల్ పుస్తకంగా తెచ్చినప్పటినుంచీ, బ్రిటిషువాడు రాకముందు అందరికీ చదువుండేదని వాదించేవాళ్ళు బయల్దేరారు. ఆ లెక్కలే చూద్దాం. 1826 నాటి మన్రో మినిట్ ప్రకారం రాజధాని మొత్తం మీద బడులు 12,498, చదువుకునేవాళ్ళు 1,88,650. అందులో ఆడపిల్లలు 4,540. బళ్ళారి జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు, వారిలో ఆడపిల్లలు 60. ఈ అంకెల్ని పక్కన పెట్టి ‘అందరికీ’ అనడం చరిత్ర కాదు. అలాగే, ఇక్కడ చదువే లేదని చెప్పిన దొరల మాటా చరిత్ర కాదు.

బళ్ళారి నివేదిక 1823లో రాసినవాడు కలెక్టరు ఎ. డి. కాంబెల్. 1816లో తెలుగు వ్యాకరణం, 1821లో నిఘంటువు తెచ్చిన కాంబెల్ ఆయనే, కనక సాహిత్య విద్యార్థులకు కొత్త మనిషి కాదు. ఆయన రెండు మాటలు చెప్పాడు. ఇక్కడి బడుల్లో చదువు చాలా పొదుపుగా సాగుతుందని, ముందున్న పిల్లలు వెనకున్న పిల్లలకు చెప్పే పద్ధతిని ఇంగ్లండు అనుకరించడం సబబేనని మెచ్చుకున్నాడు. ఆ పిల్లలే తమకు అర్థం కాని పద్యాల్ని చిలకల్లా వల్లిస్తారని, సమర్థులైన పంతుళ్ళు లేరని దెప్పాడు. మూడో మాట కూడా వుంది, అది దొరతనం వినదలచుకోనిది. బడులు తగ్గిపోవడానికి దేశం క్రమంగా బీదదైపోవడమే కారణమన్నాడు. విదేశీ నూలుబట్టలు వచ్చి ఇక్కడి నేతపని పోయిన సంగతిని బడి సంగతితో ముడిపెట్టి చెప్పిన కలెక్టరు ఆయన.

మన్రో కూడా ఈ ముడిని మరో వైపునుంచి పట్టుకున్నాడు. నెలకు ఆరేడు రూపాయలకు మించి రాని పనికి యోగ్యులు రారని స్పష్టంగా రాశాడు. జిల్లా బడి పంతులికి 15 రూపాయలు, తాసిల్దారీ బడి పంతులికి 9 రూపాయలు ఇవ్వాలనీ, పంతుళ్ళను తయారుచేసే బడి ఒకటి మద్రాసులో వుండాలనీ ప్రతిపాదించాడు. అంటే, ముందు తిండి, తర్వాత శిక్షణ. 1827లో ఆయన పత్తికొండలో కలరాతో చనిపోయాడు. 1836లో తాసిల్దారీ బడులు మూతపడ్డాయి.

ఇంతకూ వీధిబడి పంతులికి వచ్చిన లెక్క ఎటువంటిది? ఎక్కాలంటే రెండో ఎక్కం నుంచి పదహారో ఎక్కం దాకా మాత్రమే కాదు. భిన్నాలకూ పేర్లుండేవి, గుర్తులుండేవి. నాలుగో వంతు కాలు, సగం అర, మూడు వంతులు ముక్కాలు. కాలులో నాలుగో వంతు వీసం, రెండు వీసాలు పరక, మూడు వీసాలు మువ్వీసం. వీసంలో నాలుగో వంతు కాని. నాలుగుతో భాగిస్తూ దిగిపోయే మెట్లవి. ఆ మెట్లమీదనే కరణం శిస్తు నిలబడింది, వర్తకుడి వడ్డీ నిలబడింది, వీసబడి గ్రామాల్లో ఎవరి వాటా ఎంతో తేలింది.

ఇదే లెక్క గింజల కొలతలో వుంది. ప్రాంతాన్ని బట్టి తేడాలున్నా, నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. ఒకటీ ముప్పావు మానిక గింజల్ని అరమానికతో కొలిస్తే ఎన్నిసార్లు వస్తుంది? బడి భాషలో ఇది భిన్నాన్ని భిన్నంతో భాగించడం. గింజలు కూలిగా పుచ్చుకున్న మనిషికి ఇది లెక్కే కాదు. ఒకటీ ముప్పావు మానిక అంటే ఏడు సోలలు, అరమానిక అంటే తవ్వ, ఏడు సోలలు మూడున్నర తవ్వలు. ఆ కూలివాడి కొడుకు వీధిబడి గడప ఎక్కలేదన్నది నిజం. దొర కొలిచే మానికకు అడుగున మందం ఎక్కువని కనిపెట్టడానికి మాత్రం అతనికి ఆ బడి అవసరం రాలేదు. లెక్క ఊళ్ళో రెండు చోట్ల వుంది, బడి ఒక్క చోటనే వుంది. శిక్షణ అనేది నిజంగా జరిగివుంటే, ఈ రెంటినీ కలపడమే దాని మొదటి పని అయ్యేది.

జరిగింది వేరు. 1854లో ఉడ్ డిస్పాచ్ వచ్చింది. ఇంగ్లండు నమూనాలో నార్మల్ స్కూళ్ళు పెట్టి పంతుళ్ళను తయారుచేయమంది. 1856లో మద్రాసులో నార్మల్ స్కూలు వెలసింది. ఆ ఇంగ్లండు నమూనా ఎటువంటిదో తెలుసుకోవాలంటే ప్రభుత్వ నివేదికలు వెతకనక్కరలేదు. సరిగ్గా ఆ 1854లోనే డికెన్స్ ‘హార్డ్ టైమ్స్’ నవల అచ్చయింది. అందులో మక్‌చోకమ్‌చైల్డ్ అనే పంతులు కొత్తగా ట్రెయినింగు పొంది వచ్చినవాడు. ఒక అచ్చులో పోసి తీసిన సరుకులాగా, తనవంటి వందమందికి పైగా పంతుళ్ళతో పాటు తయారై వచ్చాడని డికెన్స్ వెక్కిరింత. అతనికి రాని విషయం లేదు, ఎదురుగా కూర్చున్న పిల్లే అతనికి అర్థం కాదు. ఉపాధ్యాయ శిక్షణ మీద ఇంత పదునైన విమర్శ విద్యాశాస్త్ర గ్రంథాల్లో నేను చూడలేదు.

తర్వాత అసలు కట్టడి వచ్చింది. 1862లో ఇంగ్లండు ప్రభుత్వం ‘రివైజ్డ్ కోడ్’ తెచ్చింది. పిల్లవాడికి ఏడాదికి 12 షిల్లింగుల గ్రాంటు. అందులో నాలుగు హాజరుకు, ఎనిమిది పరీక్షకు. చదవడం, రాయడం, లెక్కలు, ఈ మూడింట్లో ఏది తప్పినా 2 షిల్లింగుల 8 పెన్నీలు కోత. పంతులి కూడు పిల్లవాడి పలక మీదికి వచ్చింది. దీన్ని గట్టిగా ఎదిరించినవాళ్ళలో కవి మాథ్యూ ఆర్నాల్డ్ వున్నాడు. ఆయన వృత్తిరీత్యా స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు, అంటే ఆ కోత వేయవలసినవాడే. బడుల్లో బుద్ధి పోయి యాంత్రికత మిగిలిందని 1867లో తన పై అధికారులకే నివేదించాడు. ఆర్నాల్డ్ సంస్కృతి సిద్ధాంతంతో మనకెన్ని తగాదాలున్నా ఈ నివేదిక గౌరవించదగ్గది.

1860ల చివరికి ఆ పద్ధతి మద్రాసు రాజధానికి దిగుమతి అయింది. 1882 హంటర్ కమిషన్ కూడా ప్రాథమిక విద్యకు ఫలితాల్ని బట్టి గ్రాంటు ఇవ్వడాన్నే సమర్థించింది. 1904లో కర్జన్ ప్రభుత్వం విద్యా తీర్మానం చేసేనాటికి దీన్ని వదిలేశారు. కాని మూడు దశాబ్దాలకు పైగా పల్లెటూరి పంతులు ఇన్‌స్పెక్టరు రోజు కోసమే లెక్కలు చెప్పాడు. సోలా తవ్వా చూపించి అర్థం చేయించడానికి పట్టే రోజుల్ని ఏ గ్రాంటూ లెక్కించదు. ‘భాజకాన్ని తిరగేసి గుణించు’ అంటే అయిదు నిమిషాలు. పిల్లవాడు పాసవుతాడు, పంతులు బతుకుతాడు. ఎందుకు తిరగేయాలని ఎవరూ అడగరు, అడిగితే పంతులికీ చెప్పనక్కర్లేదు. బట్టీకి మన జాతి స్వభావమే కారణమని తీర్పు చెప్పే పెద్దలు ఈ గ్రాంటు నిబంధనల్ని ఒకసారి చదవాలి.

భాష సంగతి కూడా చెప్పుకోవాలి. వ్యావహారిక భాషోద్యమం పండితసభలో పుట్టలేదు, బడిలో పుట్టింది. పర్లాకిమిడి పంతులు గిడుగు రామమూర్తికీ, స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు యేట్సుకూ మధ్య, పుస్తకాల్లోని తెలుగు మనుషుల నోట వినపడదేమన్న ప్రశ్న దగ్గర అది మొదలయింది. ఆ ఉద్యమం కథను గెలిచింది, వ్యాసాన్ని గెలిచింది, పత్రికను గెలిచింది. లెక్కల పుస్తకం గడప మాత్రం పూర్తిగా దాటలేదు. గరిష్ఠ సామాన్య భాజకం, కనిష్ఠ సామాన్య గుణిజం అనలేక పిల్లలు గసాభా, కసాగు అన్నారు. పంతుళ్ళూ అదే అన్నారు. అర్థం తెలియని మాటకు అర్థం లేని పొట్టిపేరు! వీసం, పరక, కాని పుస్తకంలోంచి పోయాయి. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు, ఆ వెనక మెట్రిక్ కొలతలు వచ్చాక ఊళ్ళోంచి కూడా పోయాయి. దశాంశ పద్ధతి మంచిదే, అవసరమైనదే. పాత మెట్ల మీదినుంచి కొత్త మెట్ల మీదికి పిల్లల్ని ఎలా నడిపించాలన్నది మాత్రం అప్పటికి ఆ పనిలో వున్న పంతులికే తెలిసివుండాలి. ఆయన్నెవరూ అడగలేదు.

స్వాతంత్ర్యం తర్వాత శిక్షణ పెరిగింది, దాని దిశ మారలేదు. 1986 జాతీయ విద్యావిధానం వెనక జిల్లా విద్యాశిక్షణ సంస్థలు వచ్చాయి. 1980ల మధ్యలో ఆంధ్రప్రదేశ్‌లో బ్రిటిష్ ప్రభుత్వ సహాయంతో ప్రాథమిక విద్యా పథకం మొదలై 1996 దాకా నడిచింది. మనం అపెప్ అని పిలుచుకున్నది అదే. తరగతి గదులు కట్టారు, కృత్యాల ద్వారా చదువు అన్నారు, టీచర్లు కలుసుకోవడానికి ఉపాధ్యాయ కేంద్రాలు పెట్టారు. ఈ కేంద్రాల ఊహ పుట్టినచోటు తమాషా అయినది. 1964లో ఇంగ్లండులో మొదలైన నఫీల్డ్ గణిత పథకం, లెక్కల పంతుళ్ళు తమలో తాము కూర్చుని చర్చించుకునే స్థానిక కేంద్రాలకు ఊపునిచ్చింది. మద్రాసు ఇసక లండనుకు పోయి పంతులి అవసరం తగ్గించే యంత్రమై తిరిగివచ్చింది. పంతుళ్ళ కేంద్రం లండను నుంచి వచ్చి, ఇక్కడ సర్క్యులరయింది. రాష్ట్రంలో కొందరికి చెబితే వాళ్ళు జిల్లాలో చెబుతారు, జిల్లావాళ్ళు మండలంలో చెబుతారు. దిగేకొద్దీ నీళ్ళు కలుస్తాయి. ఆఖరికి పంతులి దగ్గరికి చేరేది ‘కృత్యం చేయించండి’ అనే మాట, గోడకు తగిలించే చార్టు. ఆ శిక్షణల్లో ప్రాణం పెట్టి పనిచేసిన టీచర్లు లేరని కాదు. వాళ్ళు కనుక్కున్నది పైకి పోయే మెట్లు ఆ ఏర్పాటులో లేవు.

వేరే విధంగా సాధ్యమా అంటే, ఒక ఉదాహరణ వుంది. 1999లో లీపింగ్ మా అనే పరిశోధకురాలు ఒక పుస్తకం ప్రచురించింది. ఆమె షాంఘైలో ఎనిమిదో తరగతి చదువుతూ సాంస్కృతిక విప్లవ కాలంలో పల్లెకు పంపబడిన పిల్ల. ఆ పల్లెలోనే పిల్లలకు పాఠాలు చెప్పడం మొదలుపెట్టింది. ఆ పుస్తకంలో ఆమె 23 మంది అమెరికన్ టీచర్ల జవాబుల్నీ, 72 మంది చైనా టీచర్ల జవాబుల్నీ పోల్చింది. వాళ్ళకు వేసిన ప్రశ్నల్లో ఒకటి, ఒకటీ ముప్పావును అరతో భాగించి, దానికి సరిపోయే కథ చెప్పమని. మన ఏడు సోలల లెక్కే! అమెరికన్ టీచర్లలో సగం మందికైనా సరైన జవాబు రాలేదు, అర్థవంతమైన కథ ఒక్కరే చెప్పారు. చైనావాళ్ళు 72 మందీ జవాబు చెప్పారు, ఎక్కువమంది కథలూ చెప్పారు. అమెరికన్లు డిగ్రీలున్నవాళ్ళు. చైనావాళ్ళది తొమ్మిదో తరగతి, ఆపైన రెండు మూడేళ్ళ నార్మల్ స్కూలు.

తేడా ఎక్కడుంది? చైనా టీచర్లు ఆ లోతును ఎక్కువగా బడిలో పనిచేస్తూనే సంపాదించుకున్నారని ఆమె చెబుతుంది. 1950లలో సోవియట్ అనుభవం నుంచి తీసుకుని చైనా బడుల్లో బోధనా పరిశోధన బృందాలు ఏర్పాటుచేశారు. ఒకే పాఠం చెప్పే టీచర్లు క్రమంగా కలుసుకుంటారు, పుస్తకాన్ని వాక్యం వాక్యం చర్చిస్తారు, ఒకరి తరగతికి ఒకరు వెళ్ళి కూర్చుంటారు, ఏ పిల్ల ఎక్కడ తప్పుచేసిందో, ఎందుకు చేసిందో మాట్లాడుకుంటారు. చైనా బడిలో పరీక్షల పెత్తనం లేదని నేననను, అక్కడా రాజ్యం రాజ్యమే. కాని తన పనిని గురించి ఆలోచించడం పనిలో భాగమని, దానికి గంటలు కేటాయించాలని ఆ ఏర్పాటు గుర్తించింది.

ఇక్కడ 2019లో కేంద్రప్రభుత్వం నిష్ఠ అనే పేరుతో దాదాపు 42 లక్షల మందికి శిక్షణ అని ప్రకటించింది. మరుసటి ఏడాది కరోనాతో అది ఫోనులోకి మారింది. 2020 జాతీయ విద్యావిధానం ప్రతి టీచరుకూ ఏడాదికి కనీసం 50 గంటల వృత్తి వికాసం వుండాలంది. 2009 విద్యాహక్కు చట్టం అరవైమంది పిల్లలదాకా వున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు టీచర్లు చాలంది. అయిదు తరగతులు, ఇద్దరు మనుషులు. ఒకరు మాట్లాడుతుంటే రెండోవారు మిగతా పిల్లల్ని చూసుకోవాలి. ఆ ఇద్దరూ కలిసి కూర్చుని, నిన్న ఒక పిల్ల మూడున్నరకు బదులు మూడుంపావు అని ఎందుకు రాసిందో మాట్లాడుకునే పీరియడు ఆ బడి టైంటేబుల్లో లేదు.