ముఖ గుర్తింపుతో భవన ప్రవేశం: ఫిల్మ్ నగర్‌లో పరిశీలించవలసిన అంశాలు

భవనాల ప్రవేశ ద్వారాల వద్ద గుర్తింపు కార్డుకు బదులు మనిషి ముఖాన్నే ఆధారంగా స్వీకరించే విధానం రాష్ట్రానికి కొత్త కాదు. శంషాబాద్‌లోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయంలో 2019 జూలైలో దీనిని ప్రయోగాత్మకంగా పరీక్షించడం జరిగింది. 2022 డిసెంబరు 1న ఢిల్లీ, బెంగళూరు, వారణాసి విమానాశ్రయాల్లో ప్రారంభమైన డిజి యాత్ర 2023లో హైదరాబాద్, విజయవాడలకు విస్తరించింది.

ఈ విధానంలో కెమెరా తీసిన ముఖచిత్రాన్ని కంప్యూటర్ అంకెల రూపంలోకి మార్చి, ముందుగా నమోదైన చిత్రంతో పోలుస్తుంది. పోలిక నిర్ణీత స్థాయికి చేరితే తలుపు తెరుచుకుంటుంది. ఆ స్థాయిని తగ్గిస్తే అనర్హులు లోనికి ప్రవేశించే అవకాశం, పెంచితే అర్హులు వెలుపల నిలిచిపోయే ప్రమాదం ఉన్నాయి. స్త్రీ పురుష భేదాన్ని, వయస్సును, జాతిని బట్టి పొరపాట్ల శాతం మారుతున్నట్లు అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ 2019 డిసెంబరులో వెల్లడించింది.

స్టూడియోలు, చలనచిత్ర కార్యాలయాలు నెలకొన్న ఫిల్మ్ నగర్, జూబ్లీహిల్స్ ప్రాంతాల్లో ఈ అంశానికి మరింత ప్రాధాన్యం ఉంది. మేకప్, విగ్గు, అతికించిన గడ్డం ముఖాన్ని మార్చివేస్తాయి. వేషంతో భోజన విరామానికి వెలుపలికి వచ్చిన జూనియర్ ఆర్టిస్టును యంత్రం గుర్తించకపోతే ఆ రోజు వేతనానికే ముప్పు వాటిల్లవచ్చు. కావున ద్వారం వద్ద కార్డు లేదా రిజిస్టరు ద్వారా ప్రవేశం కల్పించే ప్రత్యామ్నాయం తప్పనిసరి.

ఇందుకు పూర్వ నిదర్శనాలు కలవు. 2020 జనవరిలో కొంపల్లి పురపాలక ఎన్నికల్లో 10 పోలింగ్ కేంద్రాల్లో రాష్ట్ర ఎన్నికల సంఘం ముఖ గుర్తింపును ప్రయోగాత్మకంగా చేపట్టినప్పుడు, యంత్రం గుర్తించనంత మాత్రాన ఓటు నిరాకరించరాదని నిర్ణయించింది. డిజి యాత్ర సైతం ఐచ్ఛికమే. దాని నియమాల ప్రకారం ప్రయాణికుని వివరాలు ఆయన ఫోనులోనే ఉంటాయి. విమానాశ్రయానికి అందిన వివరాలను విమానం బయలుదేరిన 24 గంటల్లోగా తొలగించాలి.

పోయిన కార్డును మార్చవచ్చును గాని ముఖాన్ని మార్చుట సాధ్యం కాదు. అందుచేతనే ఈ వివరాల భద్రత కీలకమైనది. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023 ప్రకారం భద్రతా చర్యల్లో వైఫల్యానికి రూ. 250 కోట్ల వరకు జరిమానా విధించవచ్చు. బాలనటులతో సహా 18 ఏళ్లలోపు వారి వివరాలకు తల్లిదండ్రుల లేదా సంరక్షకుల సమ్మతి అవసరం. ఈ చట్టం కింద 2025 నవంబరులో వెలువడిన నిబంధనల మేరకు ప్రధాన బాధ్యతలు 18 నెలల అనంతరం అమల్లోకి వస్తాయి.

ఏ ప్రయోజనానికి చిత్రం తీస్తున్నదీ, ఎంతకాలం భద్రపరచేదీ, యంత్రం పొరబడితే ఎవరిని సంప్రదించవలసినదీ ప్రవేశ ద్వారం వద్దనే తెలుగులో ప్రదర్శించడం యాజమాన్యాలకు, కార్మికులకు ఉభయతారకంగా ఉంటుంది.