కౌలు: కాగితం నుంచి నోటిమాటకు

ఇటలీలో చిన్న సేద్యగాణ్ణి ‘కొంతాదీనో’ అంటారు. పూర్వం నగరం ఏలుబడిలో ఉన్న చుట్టుపక్కల పల్లెసీమ పేరు ‘కొంతాదో’. అక్కడివాడు కొంతాదీనో. ఆ పేరులో నాగలి లేదు, ఏలుబడి ఉంది. మన ‘రైతు’ సంగతీ అంతే. అరబ్బీలో కాపరి చేతికింది మందకూ, రాజు కింది ప్రజలకూ వాడిన మాట పారశీకం మీదుగా మనదాకా వచ్చింది. రైత్వారీ పద్ధతిలో కంపెనీ దొరలు పట్టా రాసిందీ శిస్తుకు జవాబుదారీ అయినవాడి పేరనే.

కోనసీమలో అమలాపురం, రాజోలు, కొత్తపేట చేలల్లో పట్టా ఉన్నవాడికీ దున్నేవాడికీ మధ్య తేడా ఇప్పటికీ కనిపిస్తుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాకు కాలవ నీరు అందింది, వరి స్థిరపడింది. పట్టాదారు ఊళ్లో లేకపోయినా సార్వా, దాళ్వా ఆగవు. దమ్ము చేసి నాట్లు వేయించేది చాలాచోట్ల నోటిమాట మీద చేను తీసుకున్న కౌలు రైతే. మక్తా అయితే పంట ఎలా ఉన్నా ఎకరానికి ఒప్పుకున్నన్ని బస్తాలు కొలవాలి. చేను మునిగితే నష్టం అతనిదే. బ్యాంకు అప్పుకైనా పరిహారానికైనా ముందు అడిగేది పట్టా పుస్తకం.

ఒప్పందం రాతలో ఉండాలని 1956 కౌలుదారీ చట్టమే చెప్పింది. 2011 చట్టం రుణ అర్హత కార్డులు తెచ్చింది. 2019 చట్టం పదకొండు నెలల పత్రం పెట్టి, దానికి భూయజమాని సంతకం కావాలంది. సంతకం చేస్తే భూమి చేజారుతుందేమోనన్న భయం యజమానిది. గట్టిగా అడిగితే వచ్చే ఏడు చేను వేరొకరికి పోతుందన్న భయం కౌలుదారుది. ఇటలీ ఇంకో దారి పట్టింది. అక్కడి సగపాలు సేద్యానికి కొత్త ఒప్పందాలను 1964లో నిషేధించి, పాతవాటిని 1982 చట్టంతో నిర్ణీత కౌలుగా మార్చే వీలు కల్పించింది.

‘కౌలు’ అన్నదీ అరబ్బీ మాటే. అర్థం ‘ఇచ్చిన మాట’. కానీ నవాబుల కాలంలో కౌలునామా అంటే రాతకోతలున్న హామీ. బీడు దున్నితే ఇంతే శిస్తు అని సర్కారు సేద్యగాడి చేతికిచ్చిన కాగితం అది. ఆనాడు సర్కారు రాసిచ్చినలాంటి కాగితాన్ని ఈనాడు చట్టం ఉండి కూడా కౌలుదారు అడగలేకపోతున్నాడు.