చవక సింబల్ మీద చిలుము

పెళ్లి బ్యాండువాళ్ల దగ్గర, ఊరి చర్చిలో పాటల బృందం పక్కన కనిపించే డ్రమ్స్ సెట్టును దగ్గరగా చూడండి. సింబల్స్ మీద నల్లబడ్డ వేలిముద్రలు, నడిమి బుడిపె చుట్టూ పచ్చటి చిలుము కనిపిస్తాయి. ఈ మరకలకు మూలం ఆ సింబల్ పుట్టుకలోనే ఉంది.

మేలురకం సింబల్‌కు పుట్టిల్లు ఇస్తాంబుల్. 17వ శతాబ్దం తొలినాళ్లలో అవెడిస్ అనే ఆర్మేనియన్ లోహకారుడు అక్కడ రాగి, తగరం కలిపి గొప్ప నాదమున్న కంచు తయారుచేశాడు. సుల్తాను ఇచ్చిన జిల్జియాన్ అనే పేరుతో 1623లో సొంత కార్ఖానా పెట్టాడు. ఆ కుటుంబం 1929లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో తయారీ మొదలుపెట్టింది. నూటికి సుమారు 80 పాళ్లు రాగి, 20 పాళ్లు తగరం ఉండే ఆ కంచు గాజులా పెళుసు. ఎర్రగా కాల్చి ఒక్కసారిగా నీళ్లలో ముంచితేనే సుత్తికి లొంగుతుంది. ఉక్కు గుణానికి ఇది పూర్తిగా తలకిందులు!

ఇంత చాకిరీ ఉన్న సరుకు చవగ్గా ఎలా వస్తుంది? అందుకే నేర్చుకునేవాళ్ల చేతికి ఇత్తడి సింబల్ వచ్చింది. నూటికి 63 పాళ్లు రాగి, 37 పాళ్లు జింకు ఉన్న రేకును గుండ్రంగా కత్తిరించి, అచ్చులో నొక్కి, చాలావాటికి పైన పల్చటి వార్నిష్ పూస్తారు. కర్ర దెబ్బలకు, చేతి చెమటకు ఆ పూత లేచిపోయిన చోటల్లా లోహం నల్లబడుతుంది. మచ్చలు మచ్చలుగా కనిపించేది అందుకే.

కంచు సింబల్ నల్లబడితే నాదం ముదిరిందని మురిసిపోయే డ్రమ్మర్లున్నారు. ఇత్తడిదాన్ని మాత్రం అటకెక్కిస్తారు. పాపం, ఎందరికో తొలి తాళం నేర్పింది అదే కదా! మన ఇళ్లలో ఇత్తడి బిందెలకు చేసే వైద్యమే దీనికీ సరిపోతుంది. ముందు సబ్బునీళ్లతో జిడ్డు వదిలించాలి. తర్వాత నానబెట్టిన చింతపండు గుజ్జును గుడ్డతో, సన్నటి గీతలు తిరిగిన వైపే రుద్దాలి. అందులోని టార్టారిక్ ఆమ్లం నల్లటి పొరను కరిగిస్తుంది. వార్నిష్ మిగిలిన చోట పులుపు దిగదు, కాబట్టి రంగు అంతటా ఒకేలా రాదు. అలాగని గుజ్జు పట్టించి గంటలకొద్దీ వదిలేయకూడదు. పైపొరలోని జింకు పోయి, రాగి తేలి, సింబల్ గులాబీరంగుకు తిరుగుతుంది. కడిగిన వెంటనే పొడిగుడ్డతో తుడవాలి.

ఎంత తోమినా ఇత్తడి కంచులా మోగదు. అంచున పగులుంటే తోమకముందే చూసుకోవాలి. పగులు కొసన సన్నటి రంధ్రం వేయిస్తే అది కొంతకాలం ముందుకు పాకకుండా నిలుస్తుంది.