గాజుల పక్కన కలం

తొండూరులో ముద్దనూరు బస్సు కోసం ఎదురుచూసే ఆడవాళ్లకు ఎండ తప్పించుకోవడానికి రెండే దారులు. ఒకటి చెట్టు నీడ. అక్కడ మగవాళ్లు ముందే చేరి ఉంటారు కాబట్టి రెండోది ఫ్యాన్సీ షాపు. "ఊరికే చూసొద్దాం" అనుకుంటూనే మెట్టెక్కుతాం. ఫ్యాన్సీ షాపులోకి వెళ్లి ఊరికే చూసొచ్చిన ఇల్లాలు ఎక్కడైనా ఉంటే ఆవిడకు దణ్ణం పెట్టాలి. నేను మాత్రం ఆ రోజు రిబ్బను ముక్కయినా అక్కరలేకుండా లోపలికి వెళ్లి, డజను గాజులు, పిన్నుల అట్ట, రెండు నోటుబుక్కులు, చెల్లెలి మనవరాలికి ఓ బొమ్మ పట్టుకుని బయటికొచ్చాను. అప్పటికి బస్సు వెళ్లిపోయింది.

"కూర్చోక్కా, ఇంక గంట దాకా బస్సు లేదు" అని షాపావిడ స్టూలు వేసింది. కూర్చుని చుట్టూ చూశాను. ఆ షాపు మహా ఉంటే మన వంటింటికి రెండింతలుంటుంది. అందులో లేనిదేది? గోడనిండా గాజులు, తాడుకు వేలాడే రిబ్బన్లు, అద్దాల పెట్టెలో కాటుక డబ్బీలు, స్టిక్కరు బొట్టుబిళ్లలు, పైఅరలో పెళ్లి ప్రెజెంటేషన్లకు గడియారాలు, ఫొటో ఫ్రేములు, కింది అరలో నోటుబుక్కులు, పెన్సిళ్లు, జామెట్రీ బాక్సులు. గాజులూ గ్రాఫు పుస్తకాలూ ఒక్క కప్పు కింద! ఈ రెంటికీ పెళ్లి చేసిన పురోహితుడెవరా అని నాకు అనుమానమొచ్చింది. గంట పొద్దుపోవడానికి ఆ అనుమానం చాలు.

మన అమ్మమ్మల కాలంలో ఇలాంటి షాపు లేదు. వస్తువే ఇంటికొచ్చేది. గాజులామె మలారం భుజాన వేసుకుని వీధి వీధీ తిరిగేది. అరుగు మీద కూర్చోబెట్టి, చేయి మెత్తగా పిసికి, గాజు చిట్లకుండా ఎక్కించేది. అది ముచ్చటే, కాదనను. కానీ ఏ రంగు వేయించాలో చెప్పేది మాత్రం పక్కన కూర్చున్న అత్తగారు. ఇక బంగారం, చీరలు కావాలంటే ప్రొద్దుటూరు. 1915లోనే మునిసిపాలిటీ అయి, బంగారం వ్యాపారానికి చిన్న బొంబాయి అనిపించుకున్న ఊరు. అక్కడికి వెళ్లేది మగవాళ్లు. తెచ్చిందే మనకు నచ్చాలి. నచ్చకపోయినా నచ్చిందనాలి.

1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు కడప, దువ్వూరు మీదుగానే వెళ్లారు. మజిలీ చేసిన ఊళ్లలో బసకు చోటుందా, నీళ్లున్నాయా, అంగళ్లున్నాయా అని రాసుకుంటూ పోయారు. బాటసారికి కావలసినవి బియ్యమూ పప్పూ. గాజులూ రిబ్బన్లూ ఆయనకెందుకు?

ఆడవాళ్లు తమ కళ్లతో చూసి, తమ చేత్తో ఏరి కొనుక్కునే రోజు ఒకటుండేది. అదే తిరుణాల. పులివెందుల వైపు వాళ్లకు గండి ఆంజనేయస్వామి శ్రావణమాసపు శనివారాలున్నాయి. పాపఘ్ని నది కొండల్ని చీల్చుకు వచ్చే ఆ గండిలో మన్రో దొరకు బంగారు తోరణం కనిపించిందని చెప్పుకుంటారు. మన అమ్మమ్మలకు బంగారు తోరణం కనిపించిందో లేదో గాని, గుడి బయట వరసగా పరిచిన గాజుల దుకాణాలు, బొమ్మలు, అద్దాలు, దువ్వెనలు తప్పకుండా కనిపించి ఉంటాయి. ఫ్యాన్సీ షాపంటే మరేమీ కాదు. ఏడాదికి నాలుగు రోజులుండే ఆ తిరుణాల అంగడికి గోడలు కట్టి, తలుపు పెట్టి, మూడువందల అరవై రోజులూ తెరిచి ఉంచడమే.

మరి సరుకు? తొండూరుకు దగ్గరి రైలుస్టేషను ముద్దనూరు. అది మద్రాసు, బొంబాయి నగరాలను కలిపే దారి మీద ఉంది. ఆ దారి పూర్తయింది 1871లో. షాపావిడ అద్దాల పెట్టెలోకి తొంగి చూస్తే ఆ రైలుదారి రెండు కొసలూ కనిపిస్తాయి. మొహానికి రాసుకునే స్నో బొంబాయి సరుకు. పాటన్‌వాలా గారు అఫ్గాన్ స్నో తయారుచేసింది అక్కడే, 1919లో. 1952లో టాటాలు మొదలుపెట్టిన లాక్మేదీ బొంబాయే. కాటుక మద్రాసుది. అరవింద్ లేబరేటరీస్ వాళ్లు 1938లో మొదలుపెట్టిన ఐటెక్స్ మన తల్లుల కళ్లలోనూ ఉంది, మన కళ్లలోనూ ఉంది. గాజుల మాటకొస్తే ఉత్తరాదిన ఫిరోజాబాదు ఊరు ఊరంతా గాజుల కొలిమే. హైదరాబాదు లాడ్‌బజారు లక్క గాజులకైతే 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

అంతకుముందు మన పెద్దవాళ్లు సగ్గుబియ్యం మాడ్చి, పాకం కాచి, కొబ్బరిచిప్పలో పోసి చాదు చేసుకునేవారు. ఆ తర్వాత తిలకం సీసా వచ్చింది. 1980ల నాటికి స్టిక్కరు బొట్టు వచ్చి తిలకాన్ని అటకెక్కించింది. స్నానానికి ముందు తీసి గోడకో అద్దానికో అంటించడం, తర్వాత వెతుక్కోవడం మన ఇళ్లన్నిట్లో ఉన్నదే. మా ఇంట్లో అద్దానికి మొహం కనిపించే చోటుకన్నా బొట్టుబిళ్లలున్న చోటే ఎక్కువ.

పండగ గ్రీటింగు కార్డుల వెనకా ఓ కథ ఉంది. శివకాశి నుంచి అయ్య నాడార్, షణ్ముగ నాడార్ అనే ఇద్దరు 1920ల మొదట్లో కలకత్తా వెళ్లి అగ్గిపెట్టెలు చేయడం నేర్చుకొచ్చారు. అగ్గిపెట్టెకు రంగుల లేబులు కావాలి. లేబులుకు అచ్చుయంత్రం కావాలి. యంత్రం వచ్చాక లేబుళ్లతో ఊరుకుంటుందా? క్యాలెండర్లు, గ్రీటింగు కార్డులు ఆ ఊరినుంచే దేశమంతా పోయాయి. 1979లో ఢిల్లీలో ఆర్చీస్ మొదలై కార్డుకూ కానుకకూ ప్రత్యేకంగా షాపులు తెరిచింది. మన పెళ్లిళ్లలో అంతకుముందు ఉన్నవి చదివింపులు. ఎవరెంత ఇచ్చారో పదిమందిలో గట్టిగా చదివేవారు. రంగు కాగితం చుట్టిన ప్యాకెట్టు వచ్చాక లోపలేముందో ఇచ్చినవాళ్లకూ పుచ్చుకున్నవాళ్లకూ తప్ప తెలియదు. పేదింటి ఆడపడుచుకు ఆ రంగు కాగితం ఎంత మర్యాద నిలబెట్టిందో ఆలోచించండి.

ఇదంతా పైఅరల సంగతి. అసలు కథ కింది అరలో ఉంది.

తెలుగులో మనకు దొరికిన మొదటి శాసనంగా చెప్పుకునేది ఎక్కడుందనుకున్నారు? తొండూరుకు ఎంతో దూరం కాని కలమళ్లలో, ఎర్రగుంట్ల దగ్గర. రేనాటి చోళరాజు ధనంజయుడు సుమారు 575లో వేయించినది. అంటే మన అక్షరం మొదట రాతి మీద, రాజు చెబితే పుట్టింది. తర్వాత తాటాకు మీదికి, గంటం కిందికి వచ్చింది. 1820లో కడపకు వచ్చిన బ్రౌను దొర అక్కడ బంగళా కొని, పండితులకూ రాయసగాళ్లకూ జీతాలిచ్చి, తాటాకుల్లో ఉన్నదాన్ని కాగితం మీదికి ఎక్కించాడు. 1829లో వేమన పద్యాలు, 1852లో నిఘంటువు అచ్చయ్యాయి. రాజుగారు, పండితుడు, దొర! ఈ వరసలో ఆడమనిషి ఏదీ? తాళ్లపాక తిమ్మక్క సుభద్రా కల్యాణం రాసిందీ, గోపవరం మొల్ల రామాయణం చెప్పిందీ పాత కడప జిల్లాలోనే. కానీ వాళ్లు వేలలో ఒకరు. మిగతా వాళ్లకు గంటమే అందలేదు.

ఆ తర్వాత కలం చౌకవుతూ వచ్చింది. 1931లో బొంబాయిలో దండేకర్లు సిరాతో మొదలుపెట్టిన వ్యాపారమే క్యామ్లిన్ అయింది. 1932లో రాజమండ్రిలో రత్నంగారు స్వదేశీ ఫౌంటెన్‌పెన్ను చేశారు. కుమారప్పగారి ద్వారా అందిన ఆ పెన్ను బాగుందని 1935 జులైలో గాంధీగారు ఆయనకు ఉత్తరం రాశారు. 1934లో బెంగాల్లో సులేఖా సిరా వచ్చింది. 1958లో నటరాజ్ పెన్సిల్ చేసే హిందుస్తాన్ పెన్సిల్స్ మొదలైంది. ఇన్ని వచ్చినా 1951 లెక్కల్లో దేశంలోని ఆడవాళ్లలో చదువొచ్చినవాళ్లు నూటికి తొమ్మిదిమంది కూడా లేరు. నలభై ఏళ్లు పోయాక, 1991లో కూడా మన రాష్ట్రంలో నూటికి ముప్పైముగ్గురే. సిరా లేక కాదు, సిరా ఉన్న చోటికి ఆడపిల్ల పోలేక. టౌనులో పుస్తకాల షాపుంటే అక్కడ మగపిల్లల గుంపు ఉండేది. "నీకెందుకే, అన్న తెస్తాడులే" అనేవారు. అన్న తన నోటుబుక్కు మరిచిపోడు. చెల్లెలిది మరిచిపోతాడు.

గాజుల షాపుకు పోతానంటే మాత్రం ఎవరూ కాదనలేదు. అది ఆడవాళ్ల చోటు. వ్యాపారం తెలిసిన షాపువాడెవడో గాజులకొచ్చిన తల్లి కొంగు పట్టుకున్న పిల్లను చూసి ఉంటాడు. నాలుగు పెన్సిళ్లు, పది నోటుబుక్కులు తెచ్చి కింది అరలో, పిల్లకు అందేంత ఎత్తులో పెట్టి ఉంటాడు. గాజులకూ గ్రాఫు పుస్తకానికీ పెళ్లి చేసిన పురోహితుడు వాడేనని నా ఊహ. 1985లో మండలాలు వచ్చి తొండూరు మండల కేంద్రమైంది. ఆఫీసులు, వాటికోసం వచ్చిపోయే జనం, ఆ జనం కోసం షాపులు.

"ఈ షాపు ఎట్ల పెట్టినావమ్మా?" అని అడిగాను. "సంఘంలో అప్పు తీసుకున్న్యా అక్కా" అంది. 1982లో దేశంలో డ్వాక్రా మొదలైనప్పుడు పదిమంది ఆడవాళ్లు చేరి కూర్చుంటే ఏమొస్తుందని నవ్వినవాళ్లున్నారు. వచ్చింది ఇదీ. కౌంటరుకు ఇవతలే కాదు, అవతల కూడా మనమే.

ఇంతలో ఒకామె పన్నెండేళ్ల కూతురిని వెంటబెట్టుకుని వచ్చింది. పొలం పని నుంచి నేరుగా వచ్చినట్టుంది, చేతులకు మట్టి ఆరలేదు. ఆకుపచ్చ గాజులు డజను ఏరి, వెలుతురుకు ఎత్తిపట్టి పగుళ్లు చూసుకుంది. పిల్ల నోరు తెరవలేదు. కింది అరవైపు చూసింది, అంతే.

"ఏమే?"

"సారు జామెట్రీ బాక్సు లేకుంటే రావద్దన్నాడు."

తల్లి కొంగు ముడి విప్పి లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది. లెక్కపెట్టినంత మాత్రాన డబ్బులు పెరుగుతాయా? గాజులు మెల్లగా బల్ల మీద పెట్టేసి, "డబ్బా ఇయ్యి పాపా. గాజులు ఇంకోసారి తీసుకుంటాలే" అంది.

షాపావిడ డబ్బా తీసిచ్చింది. తర్వాత గాజులు కూడా పాత పేపర్లో చుట్టి ఆమె చేతిలో పెట్టింది. "దుడ్లు వచ్చే వారం ఇద్దువు గానీలే అక్కా. పండగపూట బోసిచేతులేంది?" జామెట్రీ బాక్సు వెనక సగం వాడిన నోటుబుక్కొకటి తెరిచి, పేరూ బాకీ రాసుకుంది. ఆవిడ కలం కూడా కింది అరలోదే.

ఇప్పుడు ఫోనులో వేలు కదిపితే ఢిల్లీ నుంచి గాజులూ, బెంగళూరు నుంచి పెన్నులూ ఇంటికే వస్తున్నాయి. నేనూ తెప్పించుకుంటున్నాను, తప్పు లేదు. ఒకరకంగా మళ్లీ మలారం కాలం వచ్చినట్టే, వస్తువే గుమ్మంలోకి వస్తోంది. ఆ ఫోను ధర చెబుతుంది, రంగు చూపిస్తుంది. వచ్చే వారం ఇద్దువులే అనడం మాత్రం దానికి చేతకాదు.

బస్సు హారను వినిపించింది. లేచి రెండడుగులు వేసి, మళ్లీ వెనక్కి తిరిగాను. మా ఇంట్లో పనిచేసే అమ్మాయి కూతురు ఈ ఏడే ఆరో తరగతిలో చేరింది.

"ఇంకో జామెట్రీ బాక్సు ఇయ్యమ్మా" అన్నాను. "గాజులు కూడా ఓ డజను. పిల్ల సైజువి."