చెదరిన మనస్సు చిగుర్చుట: బర్మా తెలుగువారి చరిత్ర

గాలివానకు విరిగిన చెట్టు మోడునుండి చిగురు పెట్టుట మనము చూచుచుందుము. ఇల్లు, ఊరు, జీవనోపాధి ఒక్కసారిగా కోల్పోయిన మనుష్యుని మనస్సు కూడ అట్లే చిగుర్చగలదా? చిగుర్చవలెనన్న దానికి ఏమి కావలెను? మనోవిజ్ఞాన శాస్త్రము పరిశీలించుచున్న ఈ ప్రశ్న తెలుగువారికి పరాయిది కాదు. బర్మానుండి రెండు పర్యాయములు తరలివచ్చిన మనవారి చరిత్రయే ఇందుకు నిదర్శనము.

1852లో ఆంగ్లేయులు దిగువ బర్మాను ఆక్రమించిన పిమ్మట ఐరావతీ నదీ ముఖమున వరిసాగు విస్తరించినది. బియ్యపు మిల్లులకు, రంగూను రేవునకు కూలీల అవసరము కలిగినది. తెలుగు తీరమునుండి వేలకొలది జనము ఓడలెక్కి పోయిరి. కోరంగి రేవు పేరునుబట్టి అచటివారు వీరిని ‘కోరంగీలు’ అనిరి. 1930 మే నెలలో తెలుగు రేవుకూలీలు సమ్మె చేయగా, వారి స్థానమున బర్మీయులను పెట్టుకొనిరి. సమ్మె ముగియగానే ఆ బర్మీయులను తొలగించిరి. దానినుండి చెలరేగిన అల్లర్లలో వందకు పైగా ప్రాణములు పోయినవి.

1941 డిసెంబరు 23న జపాను విమానములు రంగూనుపై బాంబులు వేసినవి. 1942 మార్చిలో నగరము జపాను వశమైనది. ఓడలలో చోటు దొరకనివారు అరకాను కొండల మీదుగా చిట్టగాంగు వైపు, చింద్విన్ నది దాటి మణిపురము వైపు కాలినడకను బయలుదేరిరి. లక్షలమంది భారతీయులు స్వదేశము చేరిరి. కలరా, మలేరియా, ఆకలి వేలమందిని దారిలోనే బలిగొన్నవి.

యుద్ధానంతరము కొందరు తిరిగి బర్మాకు పోయిరి. 1962లో నే విన్ సైనిక ప్రభుత్వము ఏర్పడినది. 1964లో అది అంగళ్లను జాతీయము చేసి, పెద్ద నోట్లను రద్దుచేసినది. ఆ దశాబ్దమున సుమారు 3 లక్షలమంది భారతీయులు, కూడబెట్టినదంతయు దాదాపు అచటనే విడిచి, వచ్చివేసిరి.

ఇట్టివారి మనస్సులో ఏమి జరుగును? పీడకలలు, ఉలికిపాటు, నిద్రలేమి వంటి లక్షణములను ఒక ప్రత్యేక రుగ్మతగా అమెరికా మనోవైద్యులు 1980లో గుర్తించిరి. అయితే గాయముతోనే కథ ముగియదు. టెడెస్కీ, కాల్హూన్ అను అమెరికా మనోవిజ్ఞానులు 1996లో 21 అంశముల ప్రశ్నావళి నొకదానిని ప్రకటించిరి. బాంధవ్యము, నూతన మార్గములు, స్వశక్తిపై నమ్మకము, ఆధ్యాత్మిక చింతన, జీవితముపై మక్కువ — ఈ ఐదింట కలుగు మార్పును అది కొలుచును. లోకము తనకు తెలిసినట్లే నడచునను నమ్మకము కూలినపుడు మనస్సు జరిగినదానినే పదే పదే తలచును. మొదట ఆ తలపులు వద్దన్నను వచ్చును. వినువారు దొరికినచో క్రమముగా అవి ఆలోచనగా మారి, క్రొత్త అవగాహనకు పునాది వేయును.

ఇచ్చట పొరపడరాదు. కష్టము మేలుచేయునని దీని అర్థము కాదు. వికాసము కలిగిననాడును బాధ ప్రక్కనే యుండవచ్చును. కోలుకొనలేనివాడు బలహీనుడనుట అన్యాయము.

వికాసము ఒక్క మనోబలముపైననే ఆధారపడదు. వివిధ దేశముల శరణార్థులపై జరిగిన పరిశోధనలను పోర్టరు, హాస్లాం అనువారు 2005లో క్రోడీకరించిరి. శిబిరములలోనో, తాత్కాలిక వసతులలోనో మగ్గువారి మానసికస్థితి, సంపాదనకు దారిలేనివారి స్థితి మిగిలినవారికంటె హీనముగ నున్నదని తేలినది. అనగా దారిలో తగిలిన దెబ్బ ఎంతటిదో, చేరినచోట దొరకిన ఆదరణయు అంతటిదే.

1964 తరువాత వచ్చినవారికి ప్రభుత్వము చిన్న వ్యాపారములకు అప్పులిచ్చినది. మద్రాసు రేవు చెంత ‘బర్మా బజారు’ వెలసినది. బర్మా వంటకమైన ‘అత్తో’ ఆ నగరపు వీధులలో నేటికిని అమ్ముడగుచున్నది. విశాఖలోని కంచరపాలెము వద్ద ‘బర్మా క్యాంపు’ పేరు నిలిచియున్నది. పోయిన ఊరిని మరువకయే క్రొత్త ఊరిలో వేరూనవచ్చునని ఈ గుర్తులు చెప్పుచున్నవి.

ఈ పాఠము యుద్ధములకే పరిమితము కాదు. నర్సాపూరునకు తూర్పున గజ్వేలు కలదు. 2022లో ప్రారంభమైన మల్లన్నసాగరు జలాశయమున మునిగిన గ్రామములవారికి అచట ఇండ్లు కట్టియిచ్చిరి. వారు శరణార్థులు కారు. కాని విడిచిన ఊరిపై బెంగ ఒక్కటే. ఇల్లు అవసరమే. పాత ఇరుగుపొరుగు కలిసియుండుట, చేతికి పని, కూర్చుండి వినువాడు — ఇవియు అంతే అవసరము. మోడునకు నీరుపోయు పని చెట్టుది కాదు, మనది.